హిస్టాలజీ ల్యాబులో తొమ్మిదేళ్ల క్వాలిటీ కంట్రోల్: ఏది పనిచేసింది, ఏది పేరుకే

నెల్లూరు పొగతోటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా హిస్టో టెక్నీషియన్‌ని, అంటే బయాప్సీ ముక్కల్ని కోసి, రంగు వేసి మైక్రోస్కోపు కిందకు సిద్ధం చేసేవాణ్ని. కావలి, ఆత్మకూరు, గూడూరు, ఉదయగిరి వైపు నుంచి బయాప్సీలు మాకే వస్తాయి. ముక్కల్ని పలచటి పొరలుగా కోసే మైక్రోటోమ్‌కు రివ్యూ రాసేవాళ్లున్నారు గానీ, దాని వెనక గోడకు అంటించిన క్వాలిటీ కంట్రోల్ కాగితానికి ఎవరూ రాయరు. ఇన్నేళ్లు వాడాను కాబట్టి నేనే రాస్తున్నా.

మొదటి మార్కు అపెండిక్స్ కంట్రోల్ స్లైడుకి, అంటే రంగు సరిగ్గా పడుతోందో ముందే చూసుకునే స్లైడుకి. రిపోర్టు అయిపోయిన మామూలు అపెండిక్స్ బ్లాకు (మైనంలో పొదిగిన ముక్క) ఒకటి పక్కన పెట్టుకుని, రోజూ పొద్దున్నే ఒక సెక్షన్ (పలచటి పొర) కోసి, పేషెంట్ల స్లైడ్లకంటే ముందు దానికి హెచ్ అండ్ ఈ రంగు వేస్తాం: న్యూక్లియస్‌లకు నీలమిచ్చే హెమటాక్సిలిన్, మిగతావాటికి గులాబీ ఇచ్చే ఇయోసిన్. అపెండిక్సే ఎందుకంటే ఆ చిన్న ముక్కలోనే మ్యూకోసా, లింఫాయిడ్ కణాలు, కండరం, కొలాజెన్, రక్తకణాలు అన్నీ దొరుకుతాయి. న్యూక్లియస్‌లు నీలంగా, గీసినట్టు ఉండాలి. ఇయోసిన్ కండరంలో ఒకలా, కొలాజెన్‌లో లేతగా, రక్తకణాల్లో ఎర్రగా, మూడు ఛాయల్లో తేలాలి.

రెండేళ్ల కిందట ఒకరోజు కంట్రోల్ స్లైడులో న్యూక్లియస్‌లు నేరేడుపండు నలిపిన రంగులో వచ్చాయి. హెమటాక్సిలిన్ పొద్దునే వడకట్టాం, అది కొత్తదే. అరగంట తలపట్టుకున్నాక మా కుర్రాడు మెల్లిగా చెప్పాడు: "అన్నా, బోరు మోటారు కాలిపోయింది గదా, బ్లూయింగ్‌కి క్యాన్ నీళ్లు పోసినా."

మా బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, అంత ఉప్పు. కానీ అందులోని క్షారమే హెమటాక్సిలిన్‌ను నీలంగా మార్చేది, బ్లూయింగ్ అంటే అదే. ఆర్ఓ నీళ్లకు ఆ గుణం లేదు. చిటికెడు తినేసోడా కలిపి మళ్లీ ముంచితే రెండు నిమిషాల్లో నీలం తిరిగింది. అప్పటికి నలభై పేషెంటు స్లైడ్లు ర్యాకులో వరస కట్టి ఉన్నాయి.

రెండోది మైలుతుత్తం. నీలం పలుకుల్ని వేడిచేస్తే నీరు పోయి తెల్లపొడి అవుతుంది. ముక్కలోని నీరు తీసి మైనం ఎక్కించే ప్రాసెసింగ్‌లో చివరి ఆల్కహాల్ జాడీ అడుగున దాన్ని పరిచి, పైన ఫిల్టర్ పేపర్ వేస్తాం. ఆల్కహాల్‌లో నీళ్లు చేరితే పొడి నీలం తిరుగుతుంది, మార్చమని అర్థం. ఎండాకాలంలో దాని ఊసే ఉండదు. కార్తీకంలో ముసురు పట్టిందంటే మూత సరిగా పెట్టని జాడీ నాలుగురోజులకే నీలమైపోతుంది. అది చూడకుండా వదిలేసిన వారం ఆల్కహాల్ తర్వాత ముంచే జైలీన్ పాలలాగా అయింది, రొమ్ము కొవ్వు ముక్కల్లోకి మైనం దిగలేదు, బ్లేడు తగలగానే బ్లాకులోంచి పిండి రాలినట్టు రాలాయి. కిలో ఖరీదు లెక్కేసినా ఇంత చవకైన కాపలాదారు ల్యాబులో ఇంకోటి లేదు.

కోసిన పొరల్ని తేలేసి స్లైడు మీదకెత్తే గోరువెచ్చని నీళ్ల తొట్టి, వాటర్ బాత్, సంగతి కాస్త సిగ్గుగా చెప్పాలి. ఒకసారి మగమనిషి గాల్‌బ్లాడర్ స్లైడు మీద ముక్క పక్కన మాయ (ప్లాసెంటా) తునక కనపడింది. మా పాథాలజిస్టు మేడం ముందు నవ్వింది, తర్వాత నన్ను పిలిచింది. బ్లాకు మళ్లీ లోతుగా కోసి చూస్తే అందులో మాయ లేదు. అంతకుముందు కోసిన అబార్షన్ కేసు తునక నీళ్లమీద తేలుతూ ఉండి దీనికి అంటుకుందన్నమాట. అదే ఇంకో కేసులో క్యాన్సర్ తునక అయ్యుంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అప్పట్నుంచి ప్రతి బ్లాకుకీ మధ్య టిష్యూ పేపర్‌తో నీటిపొర తీసేస్తున్నాం. పని నెమ్మదిస్తుంది, నిజమే. తప్పదు.

ముక్క పాడవకుండా నిలబెట్టే ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారో టైము రాసే పట్టీ గురించి మొదట నేనే విసుక్కున్నా. ఈఆర్, పీఆర్, హెర్2 (ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్షలు) చేయాల్సిన రొమ్ము కణితి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటల మధ్యే ఉండాలి. భోగినాడు పొద్దున ఆపరేషన్ చేసి డబ్బాలో వేసినది ముక్కనుమ దాటాక మా చేతికొచ్చింది. పట్టీ మీద టైముంది కాబట్టి 72 గంటలు దాటిందని రిపోర్టులో రాయగలిగాం. పట్టీ లేకుండా సెలైన్‌లో వేసి బస్సెక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకు ఫోన్లు చేసీ చేసీ గొంతు పోతోంది.

ఇక పేరుకే ఉన్నది: టెంపరేచర్ రిజిస్టరు. మా మైనం 58 దగ్గర కరుగుతుంది, బాత్ దానికి పది డిగ్రీలు తక్కువుండాలి. రిజిస్టర్లో రోహిణి కార్తెలోనూ 48, సంక్రాంతికీ 48. ఒకరోజు సెక్షన్లు నీళ్లమీద నూనెచుక్కల్లా విచ్చిపోతుంటే థర్మామీటర్ ముంచి చూశా, 55. రిజిస్టర్లో 48 అని ఉంది. మర్నాటి గడిలో కూడా 48 అని అప్పటికే రాసేసి ఉంది! ఆడిట్‌కొచ్చినవాళ్లు మెచ్చుకునేది మాత్రం ఈ పుస్తకాన్నే. ఇప్పుడు అంకెతో పాటు థర్మామీటర్ ఫోటో గ్రూపులో పెట్టమంటున్నాం, కొంచెం నయం.

ప్రస్తుతం మా అపెండిక్స్ బ్లాకు అరిగి మైనం అంచుకొచ్చింది. కొత్తది ఎంచి పెట్టాం. వారంపాటు పాతదీ కొత్తదీ ఒకే ర్యాకులో పక్కపక్కన పెట్టి రంగు వేస్తున్నాం. కొత్తదాంట్లో కండరం కాస్త లేతగా తేలుతోంది, అది ముక్క తీరేనని మేడం అంటోంది. ఇంకో రెండురోజులు చూసి మారుస్తాం.