కథకు తొలి పాఠకులు: పక్క ఊరి రచయితా, దూరపు రచయితా?

కథ పూర్తయ్యాక దాన్ని ముందుగా ఎవరికి చూపాలన్నది అమలాపురంలో రాసేవారికైనా, నరసాపురంలో రాసేవారికైనా తప్పని ప్రశ్న. ఒకరి రాతప్రతిని మరొకరు చదివి లోపాలు చెప్పుకునే స్నేహాన్ని నేను రెండు విధాలుగానూ చూశాను.

పక్క ఊరివారు: మే నెలలో నా కథలోని కుర్రవాడు నిండు కాలువలో ఈదాడని రాస్తే, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కదా, నీళ్లెక్కడివని అడుగుతూ మిత్రుడు ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు.

దూరపువారు: హైదరాబాదు మిత్రురాలికి ఆ పొరపాటు కనబడలేదు గాని, తండ్రి కోపానికి కారణం మూడు పేజీలైనా అంతుపట్టడం లేదని ఆమె చెప్పిన మాటే కథను నిలబెట్టింది.

ఖర్చు దగ్గరివారితో జిరాక్సుకు, బస్సు చార్జీకి. దూరపువారికి ఈమెయిల్లో పంపుతాం కాబట్టి అదీ లేదు. శ్రమ మాత్రం సమానమే, ఎందుకంటే వారి కథనూ అంతే శ్రద్ధగా చదవడం మన బాధ్యత.

ముప్పులో తేడా ఉంది. దగ్గరివారికి మొహమాటం అడ్డు వస్తుంది, పైగా పాత్రలో తమ బంధువును గుర్తుపడితే స్నేహమే చెడవచ్చు. దూరపువారు సంభాషణలోని "ఆయ్" తీసేయమంటారు. అది తీస్తే మా గోదావరి మనిషి గొంతే పోతుంది, కాబట్టి ఆ సలహాను నేను పాటించను.

పంటలు, కాలువలు, యాస మీద నడిచే కథైతే దగ్గరివారికే ఇవ్వండి. ఇంటి గుట్టు మీద నడిచేదైతే దూరపువారే మేలు. ఎవరికైనా మొదట పది పేజీలే ఇచ్చి, వారి పది పేజీలు తీసుకుని చదవండి.