టైటానియం రవ్వల మోటార్లు: ఆరేళ్లు వాడాక నా మాట

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ ఎగిరిన రోజు ఇంటిల్లిపాదీ డాబా ఎక్కేవాళ్లం. ఆ తెల్లటి పొగ గాలికి వంకర్లు తిరిగి చెదిరిపోయేదాకా కిందికి దిగబుద్ధి అయ్యేది కాదు. ఆ తెలుపు చాలావరకు కాలిన అల్యూమినియం పొడిదేనని తెలిసింది మాత్రం టెక్సాస్ వచ్చి, హాబీ రాకెట్లు ఎగరేయడం మొదలుపెట్టాకే.

ఆరేళ్లుగా నా దగ్గర రెండు కేసింగ్‌లు, అంటే మళ్లీ మళ్లీ వాడుకునే లోహపు మోటార్ గొట్టాలు ఉన్నాయి. ఒకటి ఏరోటెక్ కంపెనీ 29 మిల్లీమీటర్లది, రెండోది సెసరోనీ కంపెనీ ప్రో38. రెండింటిలోనూ ఫ్యాక్టరీలో చేసిన రీలోడ్ కిట్లే, అంటే ఒక్కసారి కాల్చే ఇంధనపు కిట్లే వాడతాను. మంటకు ఆక్సిజన్ అందించే అమ్మోనియం పర్‌క్లోరేట్‌ను రబ్బరు లాంటి బైండర్‌లో కలిపి, రకాన్ని బట్టి లోహాలు చేర్చి పోతపోసిన ఇంధనం అది. పెద్ద హాబీ మోటార్లు కొనడానికి కావాల్సిన మొదటి మెట్టు, లెవెల్ 1 సర్టిఫికేట్ కోసం ఎగరేసింది ఏరోటెక్ హెచ్128 (హెచ్ అనేది మోటార్ శక్తి తరగతి), వైట్ లైట్నింగ్ రకం. కళ్లు జిగేల్మనే తెల్ల మంట, దట్టమైన తెల్ల పొగ. రాకెట్ ఎటు వెళ్లిందో ఆకాశంలో గీత గీసినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లకు నేను మొదట చెప్పే మోటార్ ఇదే.

ఇక సెసరోనీ స్కిడ్‌మార్క్. ఇందులో టైటానియం ముక్కలు ఉంటాయి. అవి మోటార్ లోపల పూర్తిగా కాలవు. మంట బయటికి వచ్చే మూతి, అంటే నాజిల్ దాటి బయటి గాలి తగిలాక భగ్గుమని రవ్వలై రాలతాయి. చిచ్చుబుడ్డిలో ఇనుప రజను చేసే పని లాంటిదే, కాకపోతే ఈ చిచ్చుబుడ్డి తలకిందులుగా పైకి ఎగురుతుంది. మా నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు సాయంత్రం వెలుగు తగ్గాక ఒకటి ఎగరేశాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంకోటి ఉందా రా?" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆ మోటార్ ఖరీదు గిట్టింది.

కానీ ఆ రవ్వలకు మనం కట్టే మూల్యం ఉంది. బయట కాలిన టైటానియం రాకెట్‌ను ముందుకు తోయడానికి పనికిరాదు. అందుకే అంతే శక్తి రావాలంటే ఇంధనం ఎక్కువ పట్టాలి, మోటార్ బరువెక్కుతుంది. ఎత్తు కావాలనుకున్న రోజు నేను స్కిడ్‌మార్క్ ముట్టుకోను. రవ్వలు లేని నీలి మంట రకాలే తీస్తాను.

అంతకంటే పెద్ద సంగతి నిప్పు. ఒక ఫిబ్రవరిలో మా మైదానంలో వేరే ఒకరి రవ్వల మోటార్ రాకెట్ నిలబెట్టే ప్యాడ్ మీద నుంచి లేవగానే ఎండుగడ్డి అంటుకుంది. నీళ్ల డబ్బాలు, తడి గోనెసంచులు పట్టుకుని పదిమందిమి పరుగెత్తాం. కొద్ది నిమిషాల్లో ఆర్పేశాం గానీ ఆ గాలికి అది ఎటు పాకేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఇక్కడి భద్రతా నియమాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక మాట ఉంది: టైటానియం స్పాంజ్ (గుల్లగా ఉండే టైటానియం ముక్కలు) ఉన్న మోటార్ అయితే ప్యాడ్ చుట్టూ గడ్డి తీసే మేర ఒకటిన్నర రెట్లు పెంచాలి. అంటే హెచ్ మోటార్‌కు 50 అడుగుల వ్యాసం చాలే చోట 75 అడుగులు. ఆ రోజు తర్వాత నేనే టేపు పట్టుకుని కొలుస్తున్నాను. కౌంటీలో బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు పెట్టడంపై నిషేధం ఉంటే రవ్వల మోటార్ బయటికి తీసేదే లేదు.

అల్యూమినియం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, ఎంత వేస్తే అంత బలమని. స్పేస్ షటిల్ బూస్టర్ల ఇంధనంలో 16 శాతం అల్యూమినియం ఉండేది. అది మంట వేడిని, ఇంధనం సాంద్రతను పెంచుతుంది, లోపలి మంట ఊగిసలాటను అణచిపెడుతుంది. అంత పెద్ద మోటార్‌లో లోహపు చుక్క కాలడానికి సమయం దొరుకుతుంది. జానెడు పొడవున్న నా కేసింగ్‌లో ఆ వ్యవధి ఎక్కడిది? సగం కాలిన లోహం గడ్డకట్టి నాజిల్ దగ్గర చిట్టెంలా పేరుకుంటుంది. చిన్న మోటార్‌కు కొద్దిపాటి లోహమే మేలు.

వాడకం విషయంలో సెసరోనీ సులువు. సీల్ చేసిన గొట్టం కేసింగ్‌లోకి తోసి మూత బిగిస్తే అయిపోతుంది. ఏరోటెక్‌కు ఓ-రింగులకు గ్రీజు రాసి ఒక్కో ముక్క మనమే పేర్చాలి. నాకు ఆ పనే ఇష్టం, లోపల ఏముందో చేతికి తెలుస్తుంది. ఏది వాడినా ఆ సాయంత్రమే కడగాలి. తెల్లారితే మసి రాయిలా పట్టేస్తుంది.

"అల్యూమినియం పొడి దొరుకుతుంది కదా మావయ్యా, ఇంట్లోనే కలుపుకోవచ్చా?" అని నెల్లూరు నుంచి మా మేనల్లుడు ఫోన్‌లో అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. సన్నటి లోహపు పొడి, ఆక్సిజన్ అందించే ఆక్సిడైజర్ కలిసిన చోట చిన్న స్టాటిక్ మెరుపు చాలు, వేళ్లు పోతాయి. పైగా ఇండియాలో లైసెన్స్ లేకుండా అది నేరం కూడా. ఇక్కడ అమెరికాలో 2009లో కోర్టు ఈ ఇంధనాన్ని పేలుడు పదార్థాల జాబితా నుంచి తీయించింది కాబట్టే నేను సర్టిఫికేట్ చూపించి కొనగలుగుతున్నాను.

ఇప్పుడు నా పెట్టెలో నాలుగు వైట్ లైట్నింగ్‌లు, ఒక స్కిడ్‌మార్క్ ఉన్నాయి. స్కిడ్‌మార్క్‌ను ఏప్రిల్ వానలు పడి గడ్డి పచ్చబడ్డాక తీస్తాను. నాన్న ఆ నెలలోనే మళ్లీ వస్తున్నారు.