మెడికల్ షాపులో సగం షీటు మాత్రలు ఇస్తే తీసుకోకండి

పిల్లలు కాకుండా రోజూ మాత్ర వేసుకునే అక్కాచెల్లెళ్లు ఇది ఒకసారి చదవండి. మా ఇంట్లో జరిగిందే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి మా పీహెచ్‌సీలో కరోనా సర్వే తప్ప ఇంకో పని లేకుండా పోయింది. ఆశా అక్క దగ్గర మాలా-ఎన్ అనే గర్భనిరోధక మాత్రల షీట్లు అయిపోయాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, కాపర్-టి వేయడం ఆపేశారు. ఇంట్లో చూస్తే మా ఆయన షాపు మూత, మరిదికి సగం జీతం. ఇలాంటప్పుడు ఇంకో కాన్పంటే తట్టుకోగలమా? అందుకే నేనూ మా తోడికోడలూ బజారులో మెడికల్ షాపుకి వెళ్లాం.

షాపాయన ఒకే షీటును మధ్యకి కత్తిరించి చెరో ముక్క ఇచ్చాడు. "స్టాకు లేదమ్మా, అందరికీ సర్దాలి. డబ్బులకీ ఇబ్బందే కదా, సగం తీసుకోండి" అన్నాడు. ఎంత దయో! ఒక్కో ముక్కకీ తీసుకున్నది మాత్రం పూర్తి షీటు ధర. బిల్లు అడిగితే మిషన్ పనిచేయట్లేదట.

ఇంటికొచ్చి చూస్తే నా ముక్కలో 14 తెల్ల మాత్రలు. తోడికోడలి ముక్కలో ఏడు తెల్లవి, ఏడు ముదురు గోధుమ రంగువి. ఏఎన్ఎం గారికి ఫోన్ చేస్తే విషయం తెలిసింది. 28 మాత్రల షీటులో గర్భం రాకుండా ఆపేవి 21 మాత్రమే. మిగతా ఏడూ ఐరన్ మాత్రలు, బహిష్టు వచ్చే వారంలో అలవాటు తప్పకుండా ఉండటానికి పెట్టినవి. అంటే ఆమె వారం తర్వాత ఐరన్ మింగుతూ ధైర్యంగా ఉండేది. నాకేమో 14తో కోర్సే పూర్తి కాదు. పైగా ఎక్స్‌పైరీ తేదీ ఉన్న అంచు నా ముక్కకి లేదు.

వాపసు ఇస్తామంటే ఒప్పుకోలేదు. బదులుగా ఒక ఎమర్జెన్సీ మాత్ర చూపించి "ఇది ఒకటేస్తే నెలంతా భయం లేదు" అన్నాడు. పచ్చి అబద్ధం. అది కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకోవాల్సింది, ఆ ఒక్కసారికే. రోజూ వేసుకునే మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ 0.15 మిల్లీగ్రాములుంటే అందులో 1.5, అంటే పది రెట్లు. అదీ చాలక, నెల తప్పితే కిట్ కూడా ఉందని గొంతు తగ్గించి చెప్పాడు. డాక్టర్ చీటీ లేకుండా గర్భస్రావం కిట్ అమ్మకూడదు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు పనిచేయవు సరికదా, ప్రాణం మీదకొస్తుంది.

కాబట్టి షీటు మొత్తం ఉంటేనే కొనండి. తేదీ, ధర చూసుకోండి. ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. రెండు మూడు మాత్రలు తప్పిపోయి ఉంటే, ఏడు రోజులు నిరోధ్ వాడుతూ ఏఎన్ఎంని అడగండి. మాత్రలు దొరకడం కష్టమైతే మూడు నెలలకోసారి చేసే "అంతర" అనే గర్భనిరోధక ఇంజెక్షన్ గానీ, ఛాయ మాత్రలు గానీ సబ్‌సెంటర్‌కి వచ్చాయేమో కనుక్కోండి. ఛాయ మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. రెండూ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. ఆశా అక్క ఫోన్ ఎత్తకపోతే 104కి చేయండి.

షాపు పేరు ఇక్కడ పెట్టను. ముక్కల ఫోటోలు తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు రాస్తున్నాం. మీలో ఎవరికైనా ఇలాగే ముక్కలు అంటగట్టి ఉంటే ఆ షీటు పారేయకండి, మీరూ ఫిర్యాదు పెట్టండి.