జోడియాక్ డీవీడీ కొనేవాళ్లు నిడివి చూసుకుని కొనండి, నాకు సగం కేసే అమ్మారు

ముందే చెప్తున్నా, సినిమా బాగోలేదని పెడుతున్న పోస్టు కాదు ఇది. అమెరికాలో జోడియాక్ అని తనకు తానే పేరు పెట్టుకున్న హంతకుడి నిజం కేసు మీద డేవిడ్ ఫించర్ తీసిన 2007 నాటి జోడియాక్ నాకు చాలా ఇష్టం. చదువుకునే రోజుల్లో ఫ్రెండ్ రూమ్‌లో చిన్న లాప్‌టాప్ మీద చూశా, మళ్లీ ఒకసారి ఇంట్లో పెద్ద టీవీలో తీరిగ్గా చూడాలని ఎప్పట్నుంచో కోరిక. మా కర్నూలులో డిస్కులమ్మే షాపులు మూతబడి ఏళ్లయింది కాబట్టి ఆన్‌లైన్‌లో వెతికి, "ఒరిజినల్, ఫుల్ మూవీ" అని రాసుంటే నమ్మి 899 రూపాయలు పెట్టి తెప్పించా. పేరు రాయడం లేదు కానీ, మీరు వెతికితే మొదటి వరసలోనే కనిపించే అమ్మకందారే.

ఆదివారం సాయంత్రం ఉగ్గాని, బజ్జీ చేయించి కూర్చున్నాం. నేను, మా ఆవిడ, బావమరిది, ఎదురింటి మామ. మామ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైనాడు, క్రైమ్ సినిమా అంటే చాలు, పిలవకపోయినా వస్తాడు. సినిమాలో ఒకచోట హత్యలు ఒక్కో ఊళ్లో ఒక్కోటి జరిగి, ఒక స్టేషన్ వాళ్ల దగ్గరున్న కాగితాలు ఇంకో స్టేషన్‌కు పంపాలంటే అక్కడ ఫ్యాక్స్ మెషీన్ కూడా ఉండదు. ఆ సీన్ దగ్గర మామ తొడ చరిచి నవ్వినాడు, "మా కాలంలో ఆదోని నుంచి ఒక రిపోర్టు రావాలంటే ఇంతే కదబ్బా" అని. బావమరిది మాత్రం అరగంటకే ఫోన్ తీశాడు. సరే, ఎవరి ఇష్టం వాళ్లది.

అసలు తేడా ఎక్కడ కొట్టిందంటే, బేస్‌మెంట్ సీన్ దగ్గర. చూసినవాళ్లకు తెలుసు, ఈ కేసు వెంటపడిన పత్రిక కార్టూనిస్ట్ గ్రేస్మిత్ వాన రాత్రి ఒకతని ఇంటికి పోతాడు, తను అనుమానిస్తున్న మనిషి రాసిన సినిమా పోస్టర్ల మీది చేతిరాత హంతకుడి ఉత్తరాలతో కలిసిందని అంటాడు, అప్పుడు ఆ ఇంటాయన చాలా మామూలుగా ఆ పోస్టర్లు రాసేది నేనే అంటాడు. ఒళ్లు జలదరించాలి. కానీ మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మా ఆవిడ "పోస్టర్లేంటి, చేతిరాతేంటి, ఇదంతా ఎప్పుడు చెప్పారు?" అని అడిగింది. నిజమే, చేతిరాత నిపుణుడితో మాట్లాడే సీన్ మా డిస్క్‌లో రానే లేదు. తర్వాత ఒక్కసారిగా హార్డ్‌వేర్ షాపులో గ్రేస్మిత్, ఇంకో అనుమానితుడు ఒకరినొకరు చూసుకోవడం, టైటిల్స్. ప్లేయర్ మీద చూస్తే 2 గంటల 1 నిమిషం.

థియేటర్‌లో వచ్చిన జోడియాక్ 157 నిమిషాలు, తర్వాత వచ్చిన డైరెక్టర్స్ కట్ 162. నాకొచ్చింది 121. మెసేజ్ పెడితే అమ్మినాయన జవాబు, "సర్ అది పాల్ డిస్క్, స్పీడ్ తేడా వల్ల నిడివి తగ్గుతుంది". ఇది వినడానికి బాగుంటుంది, అందుకే విడమరిచి చెప్తున్నా. పాల్ అంటే కొన్ని దేశాల టీవీ వీడియో పద్ధతి. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తారు, పాల్‌లో 25 తిప్పుతారు, కాబట్టి నిజంగానే కొంచెం తొందరగా అయిపోతుంది. ఎంత? వందకు నాలుగు. 157 నిమిషాలది దాదాపు 151 అవుతుంది. మిగతా అరగంట ఎవరు తిన్నట్టు? ఈ లెక్క రాసి పంపా, రెండు రోజులు సౌండ్ లేదు, ఆ తర్వాత "ఓపెన్ చేసిన డిస్క్ వాపసు తీసుకోం" అని ఒక్క ముక్క. ఓపెన్ చేయకుండా అరగంట లేదని కనుక్కునే విద్య నాకు రాదు మరి.

తప్పు నాది కూడా కొంచెం ఉంది, రివ్యూలు సరిగ్గా చదవలేదు. నాలుగు స్టార్లు చూసి కొనేశా. ఇప్పుడు పోయి చదివితే సగం "ప్యాకింగ్ సూపర్, డెలివరీ ఫాస్ట్" రకం, ఒకటైతే ఏదో పెన్‌డ్రైవ్ గురించి. ఒకాయన ఐదు స్టార్లిచ్చి రాసింది ఇది: స్లో సినిమా అని భయపడ్డాను కానీ తొందరగా అయిపోయింది, ఎక్కడా లాగ్ లేదు అని. కొనేముందు ఇదొక్కటే చదివి, పోనీలే ఒకరికైనా నచ్చింది అనుకున్నా. అదే అసలు క్లూ అని నా మట్టి బుర్రకు తట్టలేదు. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లేమో "హంతకుడు ఎవరో చెప్పలేదు, డబ్బులు దండగ" అన్నారు, బావమరిది కూడా అదే మాట. అరే, 1968, 69లలో జరిగిన కేసది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు బతికి బయటపడ్డారు, వాడు ఉత్తరాల్లో 37 మందిని చంపానని రాసుకున్నాడు, ఇప్పటికీ దొరకలేదు. వాడు పంపిన 340 అక్షరాల సంకేతలిపి ఒకటి 2020 డిసెంబర్‌లో గానీ విప్పలేకపోయారు, అందులోనూ పేరు లేదు. దొరకనివాణ్ని ఫించర్ మాత్రం ఎక్కణ్నుంచి తెస్తాడు? ఏళ్లు గడిచేకొద్దీ పోలీసులు ఒక్కొక్కరే వదిలేస్తుంటే ఈ కార్టూనిస్ట్ ఒక్కడే కాగితాలు ముందేసుకుని కూర్చోవడమే ఆ సినిమా. కత్తిరించినవాడు బోరని తీసేసింది సరిగ్గా ఆ కాగితాల సీన్లనే. మామ ఒక్కడే సరిగ్గా పట్టుకున్నాడు, "కేస్ డైరీలో పేజీలు చించేసినారబ్బా" అని.

కొనేవాళ్లు చేయాల్సింది చెప్తా. పేజీలో నిడివి రాసి లేకపోతే అడగండి, చెప్పకపోతే వదిలేయండి. కవర్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. డిస్క్ అడుగు తిప్పి చూడండి, కంపెనీ అచ్చు వేసినది వెండిలానో లేత బంగారు రంగులోనో మెరుస్తుంది, ఇంట్లో రాసిన డిస్క్‌కు సాధారణంగా ఊదా రంగు ఛాయ ఉంటుంది. నాది చక్కటి వంకాయ రంగు. విదేశాల నుంచి తెప్పిస్తే రీజియన్ నంబరు కూడా చూసుకోండి, మన దేశం డీవీడీలకు 5, అమెరికా డిస్క్‌ల మీద 1 ఉంటుంది, అన్ని ప్లేయర్లూ అవి ఆడించవు.

నేను 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించా, తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, ఆయన పంపిన పాల్ జవాబు, ప్లేయర్ మీద 2:01 కనపడే ఫొటో జత చేశా. డబ్బులు ఇంకా రాలేదు. ఇవాళ పొద్దున ఆ పేజీ మళ్లీ చూశా, అమ్ముతూనే ఉన్నాడు, ఈసారి 799.