గుడి మునిగితే ఫీమా గ్రాంటా, ఎస్‌బీఏ లోనా, ఇన్సూరెన్సా?

హ్యూస్టన్ చుట్టుపక్కల గుడి కమిటీల్లో ఉన్నవాళ్లు జూన్ దగ్గరపడితే అడిగే ప్రశ్న ఒకటే: తుఫానుకు గుడి దెబ్బతింటే ఫీమా (విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంటు మేలా, ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు అండగా ఉండే ప్రభుత్వ సంస్థ, విపత్తు లోన్లూ ఇస్తుంది) లోన్ మేలా? తెలుగు చర్చిల వాళ్లూ ఇదే అడుగుతున్నారు. అప్పు కంటే గ్రాంటు మేలని ఎవరైనా చెబుతారు. చిక్కేమిటంటే, ఆ రెంటిలో ఒకదాన్ని ఎంచుకునే వీలు మనకు పెద్దగా లేదు.

2017లో హార్వీ తుఫాను వచ్చేనాటికి ప్రార్థనా మందిరాల మరమ్మతులకు ఫీమా డబ్బు ఇచ్చేది కాదు. టెక్సస్‌లో మూడు చర్చిలు కోర్టుకెక్కాయి. 2018 జనవరిలో ఫీమా తన విధానం మార్చుకుంది, ఫిబ్రవరిలో కాంగ్రెస్ దాన్ని చట్టం చేసింది. ఇంతవరకు చాలామందికి తెలుసు. దాని వెనకున్న మెలికే తెలియదు.

ఆసుపత్రి లాంటి కీలక సేవలు ఇవ్వని లాభాపేక్ష లేని సంస్థలు శాశ్వత మరమ్మతుల కోసం ముందు ఎస్‌బీఏకి లోన్ దరఖాస్తు పెట్టాలి. గుడి కూడా ఈ కోవలోదే. ఎస్‌బీఏ కాదంటేనో, ఇచ్చిన లోన్ చాలకపోతేనో, మిగిలినదానికి ఫీమా. ‘అప్పు మాకెందుకు’ అని మంజూరైన లోన్ వదులుకుంటే ఆ మేరకు ఫీమా భర్తీ చేయదు. అసలు దరఖాస్తే పెట్టకపోతే గుడి మరమ్మతులకు గ్రాంటు మాటే లేదు. శిథిలాలు ఎత్తించడం లాంటి అత్యవసర పనులకు మాత్రం ఈ షరతు వర్తించదు.

లోన్ మరీ చెడ్డదేం కాదు. గరిష్ఠంగా 20 లక్షల డాలర్లు, 30 ఏళ్ల వరకు గడువు. కానీ తాకట్టు అడుగుతారు. బ్యాంకు అప్పుతో కట్టిన గుడికైతే ఇది రెండో వాయిదా, హుండీ మీద రెండో భారం. గ్రాంటుకు దాని తిప్పలు దానికున్నాయి. సాధారణంగా ఫీమా 75 శాతం భరిస్తుంది, అదీ చాలావరకు మనం ఖర్చు పెట్టి బిల్లులు చూపించాక. అధ్యక్షుడు మేజర్ డిజాస్టర్ ప్రకటించాలి, అందులో మన కౌంటీ (జిల్లా లాంటిది) ఉండాలి, 30 రోజుల్లో రాష్ట్రం ద్వారా అభ్యర్థన వెళ్లాలి. పక్క వాగు పొంగి మన గుడి ఒక్కటే మునిగితే ఫీమా రాదు.

అందుకే నా ఓటు ఫ్లడ్ ఇన్సూరెన్స్‌కి. ఎన్‌ఎఫ్‌ఐపీ (ప్రభుత్వ వరద బీమా పథకం) పాలసీ భవనానికి 5 లక్షల డాలర్లు, సామానుకు మరో 5 లక్షల వరకు ఇస్తుంది. ఎవరి ప్రకటన కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ‘ఇన్సూరెన్స్ సొమ్ము ఎలాగూ ఫీమా గ్రాంటులోంచి మినహాయించుకుంటుంది కదా, ప్రీమియం దండగ’ అని కమిటీలో ఎవరో ఒకరు అనకమానరు. అయితే వరద ముప్పు ఎక్కువని మ్యాపులో గుర్తించిన చోట గుడి ఉండి, పాలసీ లేకపోతే, ఉంటే ఎంత వచ్చేదో లెక్కగట్టి మరీ గ్రాంటులో కోత పెడతారు. పాలసీ లేకపోయినా కోత తప్పదన్నమాట. పోనీ గ్రాంటు తీసుకున్నాకైనా తప్పించుకోవచ్చా అంటే, అక్కణ్నుంచి పాలసీ కొనసాగించాలనే షరతు వస్తుంది.

మామూలు ప్రాపర్టీ పాలసీలో సాధారణంగా వరద ఉండదు. ఇంకో మాట: ఇండియా నుంచి శిల్పులు వచ్చి చేసిన గోపురం విలువ, నష్టం లెక్కగట్టే అడ్జస్టర్‌కు చూడగానే అర్థం కాదు. స్థపతి బిల్లులు, ఫొటోలు గుడి ఆఫీసు బీరువాలో కాకుండా క్లౌడ్‌లో పెట్టండి.

విరాళాలంటారా, వస్తాయి, డిడక్టిబుల్‌కీ (బీమాలో మనమే భరించే మొత్తం), గ్రాంటులో మన వాటాకీ సర్దుకోవచ్చు. వాటినే నమ్ముకుని గుడి కట్టలేం.

కొత్త ఎన్‌ఎఫ్‌ఐపీ పాలసీ సాధారణంగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది. ఉగాది నాటి మీటింగులో తీర్మానం చేసి, ఏప్రిల్‌లోనే చెక్కు రాసేయండి.