సైన్ కుదుపు లెక్కకు హార్మోనిక్ మేలా, ట్రాన్సియెంట్ మేలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే ఒక షెడ్డు కోసం ఆ మధ్య బ్యాటరీ స్టాండు లెక్క కంప్యూటర్‌లో చేశాను. దాని కాలు వెల్డింగు దగ్గరే మళ్లీ మళ్లీ పగులుతోంది. వస్తువు తనంతట తాను ఏ పౌనఃపున్యంలో ఊగుతుందో చూసే మోడల్ (modal) అనాలిసిస్‌లో స్టాండు సహజ పౌనఃపున్యం 32 హెర్ట్జ్ అని తేలింది. ఆరు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజిను ఐడ్లింగ్‌లో నిమిషానికి 650 చుట్లు తిరిగితే, సెకనుకు సుమారు 32 సార్లు ఫైర్ అవుతుంది. రెండూ కలిశాయి, అలాంటప్పుడు ఊపు బాగా పెరుగుతుంది! కింద ఛాసిస్ నుంచి సైన్ తరంగంలా 1 జీ (గురుత్వ త్వరణమంత) త్వరణం ఇచ్చి, లోహంలో పుట్టే స్ట్రెస్ చూద్దామనుకున్నాను.

ముందు ట్రాన్సియెంట్ పెట్టాను, అంటే ఊపును చిన్న చిన్న కాలపు స్టెప్పులుగా లెక్కించే పద్ధతి. కాలంతో పాటు నడుస్తుంది కాబట్టి అదే నిజానికి దగ్గర అనిపించింది. కానీ ఒక్కో సైకిల్‌కు 20 స్టెప్పులైనా లేకపోతే తరంగం శిఖరాలు సరిగ్గా పట్టవు. డ్యాంపింగ్ (ఊపును అణిచే గుణం) 2 శాతమైతే ఊపు నిలకడకు రావడానికి సుమారు 24 సైకిళ్లు కావాలి. అంటే 480 స్టెప్పులు, అదీ ఒక్క పౌనఃపున్యానికే.

యానిమేషన్ చూస్తే ఇంకో టెన్షన్. స్టాండు ఊగుతూనే మొత్తంగా పక్కకు జరిగిపోతోంది, ముప్పావు సెకనులో 37 మిల్లీమీటర్లు. అసలు ఛాసిస్ అటూ ఇటూ ఊగాల్సింది 0.24 మిల్లీమీటరే. నిశ్చల స్థితి నుంచి సైన్ త్వరణం మొదలుపెడితే వేగం ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది, సగటు సున్నా కాదు. అందుకే ఆ జారుడు. మొదట్లోనే సగటు వేగానికి సమానంగా ఎదురు వేగం ఇస్తే పోతుంది. లేదా పాదాలు బిగించి, త్వరణాన్ని మోడల్ మొత్తానికి జడత్వ భారంగా ఇవ్వాలి. అప్పుడు వచ్చే కదలిక ఛాసిస్‌తో పోల్చినదని గుర్తుంచుకోవాలి.

హార్మోనిక్‌లో ఈ తలనొప్పి లేదు. ఒక్కో పౌనఃపున్యానికి నేరుగా నిలకడ స్థితినే లెక్కిస్తుంది. 5 నుంచి 100 హెర్ట్జ్ దాకా కొన్ని నిమిషాల్లో అయిపోయింది. పైగా అది లీనియర్, 1 జీకి వచ్చిన ఫలితాన్ని తర్వాత లారీ మీద కొలిచిన విలువతో గుణిస్తే చాలు. జాగ్రత్త పడాల్సింది డ్యాంపింగ్ దగ్గర. 2 శాతం వేస్తే శిఖరంలో ఊపు ఇచ్చిన కుదుపుకు 25 రెట్లు, 1 శాతం వేస్తే 50 రెట్లు. ఊహించి వేసిన అంకె మొత్తం తీర్పునే మార్చేస్తుంది.

నా మటుకు హార్మోనిక్కే ముందు. కానీ బోల్టు వదులై కొట్టుకునే చోట, రబ్బరు ప్యాడ్ మీంచి బ్యాటరీ ఎగిరే చోట అది గుడ్డిది, అక్కడ ట్రాన్సియెంట్ తప్పదు. ఈ స్టాండుకు వెల్డింగు కాలి సంగతి హార్మోనిక్ చెప్పేసింది. గస్సెట్ ప్లేటు (మూలకు బలాన్నిచ్చే పలక) వేస్తే సహజ పౌనఃపున్యం 45 హెర్ట్జ్‌కు పెరిగింది. బ్యాటరీని బిగించే పట్టీ మాత్రం వదులుగానే ఉంటోంది, ట్రాన్సియెంట్ దానికోసం నడుస్తోంది.