చాప్లిన్ నడిచిన నైల్స్: శనివారం సాయంత్రం వెళ్లండి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి నైల్స్ అంటే కాన్యన్ రోడ్డు ఎక్కేముందు వచ్చే పాత వీధి, అంతే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి తిప్పేసి ఊరుకుంటాం. మేం ఈసారి నైల్స్ ఎస్సనే సైలెంట్ ఫిల్మ్ మ్యూజియానికి కూడా తీసుకెళ్లాం.

కౌబాయ్ హీరో బ్రాంకో బిల్లీ ఆండర్సన్ భాగస్వామిగా ఉన్న ఎస్సనే సినిమా కంపెనీకి ఇక్కడ స్టూడియో ఉండేది. 1914లో కీస్టోన్ అనే సినిమా కంపెనీలో వారానికి 150 డాలర్లతో మొదలైన చాప్లిన్‌ను, ఏడాది తిరక్కుండానే వారానికి 1,250 ఇచ్చి వీళ్లు లాక్కొచ్చారు. 1915 మొదట్లో కొన్ని నెలలే ఉన్నాడు. ఆ కాస్త కాలంలోనే ‘ది ట్రాంప్’తో కలిపి ఐదు సినిమాలు తీసి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు. తర్వాతి ఏడాది మ్యూచువల్ కంపెనీ ఇచ్చింది వారానికి 10,000! స్టూడియోను 1933లో కూల్చేశారు. కాబట్టి సెట్లు చూద్దామని వెళ్తే నిరాశే.

మ్యూజియం ఉన్నది 1913 నాటి ఎడిసన్ థియేటర్‌లో. పాత కెమెరాలు, ప్రొజెక్టర్లు, ఫొటోలు ఓపిగ్గా చూసినా గంట చాలు. పగలు అంతవరకే అయితే పిల్లలు విసుక్కుంటారు. అసలు మజా శనివారం రాత్రి వేసే మూకీ సినిమా షోలో ఉంది. తెర పక్కన ఒకరు కూర్చుని సినిమాకి తగ్గట్టు పియానో వాయిస్తారు. మేం చూసినవాటిలో ‘ది ఛాంపియన్’ ఉంది. చాప్లిన్ బాక్సింగ్ గ్లవ్‌లో గుర్రపు లాడం దాచుకోవడం, చివర్లో బుల్‌డాగ్ రింగ్‌లోకి దూకి ప్రత్యర్థిని పట్టుకోవడం చూసి మా నాన్న పడీపడీ నవ్వారు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకి ‘ఏమన్నాడు, ఏమన్నాడు’ అనే టెన్షన్ లేని షో అమెరికాలో ఇంకెక్కడ దొరుకుతుంది? సీట్లు మాత్రం మల్టీప్లెక్స్ సుఖానివి కావు. నడుంనొప్పి ఉన్నవాళ్లకి చిన్న దిండు తీసుకెళ్లండి. షోల తేదీలు మారుతుంటాయి, వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.

స్టూడియో నటుల కోసం కట్టిన చిన్న బంగ్లాలు సెకండ్ స్ట్రీట్‌లో ఇంకా ఉన్నాయి. ఇప్పుడు అవి మామూలు ఇళ్లు. రోడ్డు మీద నుంచే చూసి వచ్చేయాలి. ఆండర్సన్ బంగ్లా చూసి చాప్లిన్ నీరుగారిపోయాడట. పాత ఇనుప మంచం, తలవైపు వేలాడే బల్బు, ఊగిసలాడే టేబుల్ అని ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ రోజుల్లో అయితే ఒక్క స్టార్ ఇచ్చేవాడు.

బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లు ఫ్రీమాంట్‌లోనే గది తీసుకోవడం మేలు. మాతో వచ్చిన బంధువులు పట్టాల దగ్గరి ఒక మోటెల్‌లో దిగి, గూడ్స్ రైలు కూతలకి రాత్రంతా జాగారం చేశారు. ఫ్రీమాంట్ బార్ట్ (లోకల్ రైలు) స్టేషన్ నుంచి క్యాబ్‌లో కాసేపట్లో చేరుకోవచ్చు. నైల్స్‌లో కాఫీ, స్నాక్స్‌కి ఫర్వాలేదు. దోసె కావాలంటే మళ్లీ ఫ్రీమాంట్‌కే రావాలి.

నైల్స్ కాన్యన్ రైల్వే పాత రైలు సునోల్ వైపు వెళ్తుంది. సంవత్సరాంతంలో దీపాలతో నడిపే రైలుకి టికెట్లు త్వరగా అయిపోతాయి. కాన్యన్ రోడ్డులో మాత్రం చాప్లిన్ నడకలో ఫొటో దిగాలని కారు ఆపొద్దు. మలుపులు ఎక్కువ, కార్లు వేగంగా వస్తాయి. ఆ సరదా ఉంటే జూన్‌లో చాప్లిన్ డేస్‌కి వెళ్లండి, చాప్లిన్ వేషాల పోటీ కూడా పెడతారు.